డెబియన్ 13కు మారాక పోస్ట్‌గ్రెస్‌ను 15 నుంచి 17కు మార్చుకోవడం ఎలా

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 12వ వెర్షన్ నడుస్తున్న సర్వర్‌ను 13కు మార్చారు. యంత్రం మళ్లీ లేచింది, అప్లికేషన్ తెరుచుకుంది, పాత బిల్లులు, విద్యార్థుల జాబితాలు అన్నీ కనిపిస్తున్నాయి. డెబియన్ 13తో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 17వ వెర్షన్ వస్తుంది కాబట్టి డేటాబేస్ కూడా కొత్తదైపోయిందని ఇక్కడ చాలామంది అనుకుంటారు. నిజానికి మీ డేటా ఇంకా 15లోనే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పిడి పక్కన 17ను తెచ్చి పెడుతుందే తప్ప మీ డేటాను అందులోకి చేర్చదు. ఆ పని మీరే, మీకు అనువైన వేళ చూసుకుని చేయాలి. డెబియన్ నిర్వాహకులు కావాలనే చేసిన ఏర్పాటు ఇది. మంచి ఏర్పాటు కూడా.

కారణం ఇది. పోస్ట్‌గ్రెస్‌లో చుక్క తర్వాత వచ్చే అంకె మారితే అది మరమ్మతు మాత్రమే. ప్రోగ్రామ్ మారితే చాలు, డేటా ఫైళ్లు అలాగే ఉంటాయి. చుక్కకు ముందున్న అంకె మారితే లోపలి పట్టికల నిర్మాణమే మారుతుంది. 15 రాసిన డేటా డైరెక్టరీని 17 తెరవదు. అందుకే డెబియన్‌లో రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉండగలవు, ఒకేసారి నడవగలవు కూడా.

మరి 15తోనే కొనసాగితే ఏమవుతుంది? పోస్ట్‌గ్రెస్ బృందం 15కు 2027 నవంబరు వరకు మరమ్మతులు విడుదల చేస్తుంది. కానీ డెబియన్ 13 భాండారంలో, అంటే ప్యాకేజీలు దిగుమతి అయ్యే చోట, 15 లేదు. అంటే ఆ భద్రతా సవరణలు మీ యంత్రానికి రావు. వాయిదా వేయకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

చదివే ముందు ఒక మాట. ఆదేశాలను పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయండి. అడ్డగీతలు, అడుగు గీతలు, అంకెలు, ఖాళీలు ఇక్కడ ఎలా ఉంటే అలాగే ఉంచండి.

ముందు ఉన్నదేమిటో చూడండి

పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్

డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్‌తో పని ఉన్నవారు మొదట నేర్చుకోవలసిన ఆదేశం ఇదే. ఒక్కో వరుసలో వెర్షన్, క్లస్టర్ పేరు, పోర్టు, స్థితి, యజమాని, డేటా డైరెక్టరీ, లాగ్ ఫైలు కనిపిస్తాయి. డెబియన్‌లో క్లస్టర్ అంటే ఒక సర్వర్, దాని కింద ఉన్న డేటాబేసులన్నీ. మామూలుగా ‘15 మెయిన్ 5432 ఆన్‌లైన్’ అనే వరుస ఉంటుంది. దాని కింద ‘17 మెయిన్ 5433 ఆన్‌లైన్’ అనే రెండో వరుస కూడా ఉండవచ్చు. అది 17 ప్యాకేజీతో పాటు పుట్టిన ఖాళీ క్లస్టర్. దాని సంగతి తర్వాత చూద్దాం, ఇప్పుడు ముట్టుకోకండి.

తర్వాత ప్రతి డేటాబేసులోనూ ఏ ఎక్స్‌టెన్షన్లు (అదనపు సౌకర్యాలిచ్చే జోడింపులు) ఉన్నాయో చూడండి. పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలిచ్చే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్‌లోకి వెళ్లి \డీఎక్స్ అని కొడితే జాబితా వస్తుంది. పీజీ_టీఆర్‌జీఎం వంటివి ప్రధాన ప్యాకేజీతోనే వస్తాయి. పోస్ట్‌జీఐఎస్ వంటి వాటికి 17 కోసం వేరే ప్యాకేజీ ఉంటుంది. దాన్ని ముందే పెట్టుకోకపోతే మార్పిడి మధ్యలో ఆగిపోతుంది. అడ్మిన్‌ప్యాక్ కనిపిస్తే మరీ జాగ్రత్త. పాతకాలపు పీజీఅడ్మిన్ అనే నిర్వహణ పనిముట్టు కోసం ఎప్పుడో చేర్చిన ఈ ఎక్స్‌టెన్షన్‌ను 17 నుంచి తీసేశారు. పాత సర్వర్లలో ఇది ఎవరికీ గుర్తులేకుండా పడి ఉంటుంది. మార్పిడికి ముందే ఆ డేటాబేసులోకి వెళ్లి ‘డ్రాప్ ఎక్స్‌టెన్షన్ అడ్మిన్‌ప్యాక్’ అని తీసేయండి.

పర్యవేక్షణ కోసం గ్రాఫులు పెట్టుకున్నవారు ఒక మార్పు గమనించాలి. పీజీ_స్టాట్_బీజీరైటర్‌లో ఉండే చెక్‌పాయింట్ లెక్కలు 17లో పీజీ_స్టాట్_చెక్‌పాయింటర్ అనే కొత్త చోటికి మారాయి. పాత ప్రశ్నలు (క్వెరీలు) ‘అలాంటి నిలువు వరుస లేదు’ అని తప్పు చూపిస్తాయి.

చివరగా, ముఖ్యమైన నాలుగైదు పట్టికల్లో ఎన్నెన్ని వరుసలున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. అప్లికేషన్‌ను ఆపాక మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి. పని పూర్తయ్యాక సరిపోల్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

బ్యాకప్, దాని పరీక్ష

సుడో -యు పోస్ట్‌గ్రెస్ పీజీ_డంప్‌ఆల్ > అంతా.ఎస్‌క్యూఎల్

దీనితో డేటాబేసులన్నీ, వినియోగదారుల పేర్లు, పాస్‌వర్డులు, అనుమతులు సహా ఒకే ఫైలులోకి వస్తాయి. పీజీ_డంప్ ఒక్కో డేటాబేసును మాత్రమే తీస్తుంది, వినియోగదారులను తీయదు. అది తెలియక పాస్‌వర్డులన్నీ మళ్లీ పెట్టుకోవలసి వచ్చినవారు ఎందరో ఉన్నారు. పెద్ద డేటాబేసులను పీజీ_డంప్ --ఫార్మాట్=కస్టమ్ పద్ధతిలో విడివిడిగా తీసి, వినియోగదారుల వివరాలను పీజీ_డంప్‌ఆల్ --గ్లోబల్స్-ఓన్లీతో తీసుకోవడం మేలు. అప్పుడు తిరిగి నింపేటప్పుడు కావలసిన పట్టికను మాత్రమే ఎంచుకోవచ్చు.

ఫైలు తయారైందంటే బ్యాకప్ అయిందని కాదు. డిస్క్ నిండిపోయి సగంలో ఆగినా ఫైలు ఉంటుంది, దాని పరిమాణం చూస్తే పెద్దగానే అనిపిస్తుంది. టెయిల్ ఆదేశంతో చివరి పంక్తులు చూడండి. ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ క్లస్టర్ డంప్ కంప్లీట్’ అనే వ్యాఖ్య అక్కడ ఉండాలి. లేకపోతే ఆ ఫైలును నమ్మకండి. ఉంటే దాన్ని వేరే యంత్రానికి పంపండి. అదే సర్వర్‌లోని అదే డిస్క్‌లో ఉన్న కాపీ, డిస్క్ పోయిన రోజున దానితో పాటే పోతుంది.

ఆ వేరే యంత్రంలో డెబియన్ 13, పోస్ట్‌గ్రెస్ 17 పెట్టి ఈ ఫైలును ఒకసారి నింపి చూడండి. ఇది రిహార్సల్, దీన్ని దాటేయకండి. ఎంత సమయం పడుతుందో తెలుస్తుంది, ఏ ఎక్స్‌టెన్షన్ లేదని గొడవ చేస్తుందో తెలుస్తుంది, అప్లికేషన్ 17తో మాట్లాడగలదో లేదో తెలుస్తుంది. అసలు సర్వర్‌ను ఎంతసేపు ఆపాలో మీ పైవారికి ఊహించి చెప్పనక్కర్లేదు, కొలిచి చెప్పవచ్చు. రోజూ జనం వాడే ఆసుపత్రి, కళాశాల, దుకాణం వంటి చోట్ల ఆ తేడా చాలా పెద్దది. నెలాఖరు బిల్లుల రోజును, ఫలితాలు విడుదలయ్యే రోజును, పండగ సెలవుకు ముందు సాయంత్రాన్ని ఈ పనికి ఎంచుకోకండి.

అక్షరక్రమం సంగతి

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఇందులో తప్పు జరిగితే ఆ రోజు కనబడదు, నెలల తర్వాత బయటపడుతుంది.

పేర్ల పట్టికలో ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి కట్టుకున్న సూచిక, ఉందనుకోండి. అందులో పేర్లు ఒక వరుసక్రమంలో పేర్చి ఉంటాయి. ఏది ముందు, ఏది వెనుక అన్న తీర్పును చాలా చోట్ల పోస్ట్‌గ్రెస్ సొంతంగా ఇవ్వదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే గ్రంథాలయాన్ని (ప్రోగ్రాములన్నీ ఉమ్మడిగా వాడుకునే కోడ్‌ను) అడుగుతుంది. డెబియన్ 12లో ఉన్నది జీలిబ్‌సీ 2.36, డెబియన్ 13లో ఉన్నది 2.41. గ్రంథాలయం మారినప్పుడు ఆ క్రమంలో ఏ కొన్ని అక్షరాల స్థానం మారినా, పాత క్రమంలో పేర్చిన ఇండెక్స్‌ను కొత్త క్రమంలో వెతకడం మొదలవుతుంది. పట్టికలో ఉన్న పేరే ‘లేదు’ అని వస్తుంది. ఒకటికి మించి ఉండకూడదన్న విలువ రెండోసారి చేరిపోతుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఈ క్రమం భారీగా మారింది, అది డెబియన్ 10తో సర్వర్లకు చేరింది. ఆ తర్వాతి మార్పులు అంత పెద్దవి కావు. అయినా మీ డేటాలో ఏ భాష ఏ గుర్తుతో ఉందో ముందే తేల్చలేం కాబట్టి, జీలిబ్‌సీ మారిన ప్రతిసారీ ఇండెక్సులను అనుమానించాల్సిందే.

పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ప్రతి డేటాబేసూ తాను ఏ జీలిబ్‌సీ కాలంలో పుట్టిందో గుర్తుపెట్టుకుంటుంది. డెబియన్ 13లోకి వచ్చాక పాత క్లస్టర్‌లోకి వెళ్లగానే ‘కొలేషన్ వెర్షన్ మిస్‌మ్యాచ్’ (అక్షరక్రమం వెర్షన్ సరిపోలడం లేదు) అనే హెచ్చరిక కనిపిస్తుంది. అది ఊరికే వచ్చే సందేశం కాదు, దాచేయకండి. కొత్త డేటాబేసులకు అచ్చుగా వాడే టెంప్లేట్1కు కూడా ఇదే సమస్య ఉంటుంది కాబట్టి ఆ స్థితిలో కొత్త డేటాబేసు సృష్టించబోతే కుదరదని తిప్పికొడుతుంది.

దీన్నిబట్టి తేలేది ఒకటే. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పిడికి, డేటాబేసు మార్పిడికి మధ్య అప్లికేషన్‌ను నడపకండి. కుదిరితే రెండింటినీ ఒకే విరామంలో ముగించండి. కుదరకపోతే ఆ మధ్యకాలం కోసం పాత క్లస్టర్‌లోనే ఇండెక్సులను మళ్లీ కట్టే రీఇండెక్స్‌డీబీ --ఆల్ నడిపి, ఆ తర్వాతే అప్లికేషన్‌ను తెరవండి.

17ను సిద్ధం చేయడం

మీ యంత్రంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే సాధారణ ప్యాకేజీ ఉంటే డెబియన్ మార్పిడి సమయంలోనే 17 వచ్చేస్తుంది. లేకపోతే ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ ఆదేశంతో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-17 పెట్టుకోండి, ఎక్స్‌టెన్షన్ల 17 ప్యాకేజీలు కూడా. తర్వాత మళ్లీ పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్ చూడండి. 17 మెయిన్ కనిపిస్తే దాన్ని తీసేయాలి. అదే పేరుతో క్లస్టర్ ముందే ఉంటే మార్పిడి ఆదేశం ముందుకు సాగదు.

ఈ పనిలో ప్రమాదమంతా ఇక్కడే ఉంది. మీరు తీసేయాల్సింది 17ను, 15ను కాదు. అలసిన వేళ రాత్రి రెండింటికి ఒక అంకె తప్పు కొడితే పోయేది అసలు డేటా. అందుకే ముందు ఇది కొట్టండి:

పీఎస్‌క్యూఎల్ --క్లస్టర్ 17/మెయిన్ -ఎల్

దీన్ని కూడా సుడో -యు పోస్ట్‌గ్రెస్ ముందు పెట్టి కొట్టాలి. పోస్ట్‌గ్రెస్, టెంప్లేట్0, టెంప్లేట్1 అనే మూడు పేర్లు తప్ప మరేమీ కనిపించకూడదు. మీ డేటాబేసు పేరు ఒక్కటి కనిపించినా ఆగండి. మూడే ఉంటే:

సుడో పీజీ_డ్రాప్‌క్లస్టర్ --స్టాప్ 17 మెయిన్

ఎంటర్ నొక్కే ముందు ఆ అంకెను పైకి చదవండి. పక్కన ఇంకొకరు ఉంటే వారికి వినిపించేలా చదవండి.

అసలు మార్పిడి

దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పనిచేస్తుంటే మొదట టీమక్స్ తెరిచి దానిలోపల పని చేయండి. కనెక్షన్ తెగినా పని ఆగదు. కరెంటు పోయే చోటైతే యూపీఎస్ బ్యాటరీ సరిగా ఉందో చూడండి. అప్లికేషన్‌ను, డేటాబేసులోకి రాసే క్రాన్ పనులను (వేళకు తమంతట తామే నడిచేవాటిని) ఆపండి. ఆపాక ఇంకో డంప్ తీయండి. మొదటిది రిహార్సల్‌కు, ఇది అవసరానికి. పట్టికల వరుసలను రెండోసారి లెక్కపెట్టాల్సిందీ ఇప్పుడే.

తర్వాత పద్ధతి ఎంచుకోవాలి. పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్‌కు ఏమీ చెప్పకపోతే డంప్ పద్ధతిని వాడుతుంది. పాతదాని నుంచి డేటాను తోడి కొత్తదానిలో పోస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది, పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది, ఇండెక్సులన్నీ కొత్త జీలిబ్‌సీ క్రమంలో మళ్లీ కట్టబడతాయి. పైన చెప్పిన అక్షరక్రమం బెడద దీనితో తీరిపోతుంది. విరామం సరిపోయేంత చిన్న డేటాబేసు ఉన్నవారందరికీ నేను దీన్నే సూచిస్తాను.

సుడో పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ -వి 17 15 మెయిన్

రిహార్సల్‌లో గంటలకు గంటలు పట్టినవారికి -ఎం అప్‌గ్రేడ్ ఉంది. ఇది ఫైళ్లను నేరుగా కాపీ చేసి లోపలి పట్టికలను మాత్రమే కొత్తగా రాస్తుంది. పాతది ఇందులోనూ భద్రమే, కానీ ఇండెక్సులు పాత క్రమంతోనే వస్తాయి. ఈ రెండు పద్ధతులకూ డిస్క్‌లో రెండో కాపీకి చోటు కావాలి. డీఎఫ్ -హెచ్‌తో ముందే చూసుకోండి.

మూడోది -ఎం లింక్. కాపీ చేయదు, పాత ఫైళ్లకే కొత్త పేర్లు తగిలిస్తుంది. ఎంత పెద్ద డేటాబేసైనా త్వరగా అయిపోతుంది. దానికి ధర ఏమిటంటే కొత్త సర్వర్ ఒకసారి మొదలయ్యాక పాతదాన్ని వాడలేరు, తిరిగి వెళ్లే దారి బ్యాకప్ ఒక్కటే. వేగం చూసి ఆశపడి లింక్ ఎంచుకోకండి. చోటు, సమయం నిజంగా లేనప్పుడు మాత్రమే, పరీక్షించిన బ్యాకప్ చేతిలో పెట్టుకుని మాత్రమే వాడండి.

పని సవ్యంగా ముగిస్తే ‘సక్సెస్’ అంటూ, కొత్త క్లస్టర్‌ను పరీక్షించుకోమని, బాగుంటే పాతదాన్ని పీజీ_డ్రాప్‌క్లస్టర్ 15 మెయిన్‌తో తీసేయవచ్చని చెబుతుంది. ఆ రెండో మాటను ఇప్పుడే పాటించకండి.

పరీక్షించడం

మళ్లీ పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్. ఇప్పుడు 17 మెయిన్ 5432లో ఆన్‌లైన్‌గా ఉండాలి, 15 మెయిన్ 5433కు జరిగి డౌన్ అని ఉండాలి. పోర్టులు మారినందువల్ల అప్లికేషన్‌లో ఏమీ మార్చనక్కర్లేదు. యంత్రం మళ్లీ మొదలైనప్పుడు 15 తనంతట తాను లేవకుండా కూడా ఏర్పాటు చేసేస్తుంది.

సెట్టింగులు పాత డైరెక్టరీ నుంచి కొత్తదానికి వస్తాయి. అయినా /ఈటీసీ కింద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డైరెక్టరీలో 15, 17ల పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్, పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైళ్లను డిఫ్‌తో సరిపోల్చండి. ఓల్డ్_స్నాప్‌షాట్_థ్రెషోల్డ్, వాక్యూమ్_డిఫర్_క్లీనప్_ఏజ్ వంటి కొన్ని సెట్టింగులు మధ్యలో రద్దయ్యాయి. మీరు వాటిని వాడి ఉంటే ఇక్కడ తెలుస్తుంది.

తర్వాత గణాంకాలు. ఏ ప్రశ్నకు ఏ దారిలో వెళ్లాలో నిర్ణయించడానికి పోస్ట్‌గ్రెస్ పట్టికల గణాంకాలను వాడుతుంది. 17కు మారినప్పుడు అవి వెంట రావు. 18లోనే ఆ సౌకర్యం వచ్చింది. కొత్త వెర్షన్ నెమ్మదిగా ఉందన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. డెబియన్ పనిముట్టు ఈ పని చేసిపెట్టినా, మీరూ ఒకసారి చేయడం వల్ల నష్టం లేదు. అప్లికేషన్‌ను తెరిచే ముందే చేయండి:

సుడో -యు పోస్ట్‌గ్రెస్ వాక్యూమ్‌డీబీ --ఆల్ --ఎనలైజ్-ఇన్-స్టేజెస్

అప్‌గ్రేడ్ లేదా లింక్ పద్ధతి వాడినవారు రీఇండెక్స్‌డీబీ --ఆల్ నడపాలి. అది ముగిశాక, అంతకు ముందు కాదు, ఒక్కో డేటాబేసుకు ‘ఆల్టర్ డేటాబేస్’ తర్వాత దాని పేరు, ఆ తర్వాత ‘రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్’ అని ఇవ్వాలి. టెంప్లేట్1ను మరవకండి. ఇండెక్సులను మళ్లీ కట్టకుండా ఈ రెండో ఆదేశం ఇస్తే హెచ్చరిక మాయమవుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

కాగితం మీద రాసుకున్న లెక్కలను ఇప్పుడు సరిపోల్చండి. తెలుగు పేర్లున్న పట్టికను తెరిచి క్ష, జ్ఞ వంటి ఒత్తులున్న మాటలు సరిగా కనిపిస్తున్నాయో చూడండి. పేరుతో వెతికితే మనిషి దొరుకుతున్నాడో చూడండి. తర్వాత అప్లికేషన్‌ను తెరిచి, రోజూ దానితో పనిచేసేవారి చేత ఒక బిల్లు, ఒక నివేదిక తీయించండి. ఏది తేడాగా ఉందో వారు చెప్పగలిగినంత బాగా మనం చెప్పలేం. ఆ వేళలోనే లాగ్ ఫైలును టెయిల్ -ఎఫ్‌తో తెరిచి ఉంచండి.

నకలు సర్వర్లు ఉన్నవారికి ఒక మాట: ఈ ఆదేశం ప్రధాన సర్వర్‌ను మాత్రమే మారుస్తుంది. స్టాండ్‌బైలను పీజీ_బేస్‌బ్యాకప్‌తో కొత్తగా కట్టుకోవాలి.

వెనక్కి వెళ్లాల్సి వస్తే

లింక్ వాడకపోతే వెనుదారి సులువే. 17ను ఆపండి, పోర్టులు అటూ ఇటూ మార్చండి, 15ను లేపండి.

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@17-మెయిన్
సుడో పీజీ_కాన్ఫ్‌టూల్ 17 మెయిన్ సెట్ పోర్ట్ 5433
సుడో పీజీ_కాన్ఫ్‌టూల్ 15 మెయిన్ సెట్ పోర్ట్ 5432
సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@15-మెయిన్

15 డైరెక్టరీలోని స్టార్ట్.కాన్ఫ్ ఫైలులో మాన్యువల్ అని ఉన్నచోట ఆటో అని, 17 దానిలో మాన్యువల్ అని మార్చండి. అయితే మార్పిడి తర్వాత 17లో చేరిన వరుసలు 15లో ఉండవు. ఒక రోజు వ్యాపారం జరిగాక వెనక్కి వెళ్లడమంటే ఆ రోజు లెక్కలు చేత్తో మళ్లీ ఎక్కించడమే. కాబట్టి పరీక్షలన్నీ అప్లికేషన్ తలుపు తెరవక ముందే ముగించండి.

డెబియన్ మార్చకుండానే కొత్త పోస్ట్‌గ్రెస్ కావాలంటే

డెబియన్ 12లోనే ఉంటూ 17 పెట్టుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ బృందమే నడిపే ఆప్ట్ భాండారం ఉంది. దాన్ని జోడించే స్క్రిప్టు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్ ప్యాకేజీలోనే వస్తుంది. జీలిబ్‌సీ మారదు కాబట్టి అక్షరక్రమం గొడవ ఉండదు, మిగతా అడుగులన్నీ ఇవే. ఉబుంటులోనూ ఇవే పనిముట్లు, 22.04తో వచ్చేది 14, 24.04తో వచ్చేది 16 కాబట్టి అంకెలు మార్చుకుంటే సరి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో మాత్రం దారి వేరు.

పాతదాన్ని తీసేయడం

ఎప్పుడు తీసేయాలి? ఒక పూర్తి నెల చక్రం గడిచి, నెలాఖరు నివేదికలు 17 మీద సరిగా వచ్చాక తీసేయడం నాకు ఇష్టం. చోటు ఇరుకైతే ముందే తీయవచ్చు, కానీ 17 నుంచి తీసిన బ్యాకప్‌ను ఒకసారి తిరిగి నింపి చూడకుండా తీయకండి.

దానికి ముందు బ్యాకప్ స్క్రిప్టులు తెరవండి. కొందరు వాటిలో 15 డైరెక్టరీలోని పీజీ_డంప్‌కు పూర్తి దారి రాసి ఉంటారు. 15 పీజీ_డంప్ 17 సర్వర్‌ను చూసి వెర్షన్ కుదరలేదని ఆగిపోతుంది. ఆ సందేశం క్రాన్ మెయిల్‌లో పడి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు, రోజూ బ్యాకప్ అవుతోందనే అందరూ అనుకుంటారు. మార్పిడి జరిగిన మరుసటి ఉదయమే బ్యాకప్ ఫైలు తేదీ, పరిమాణం, చివరి పంక్తులు చూడండి.

అంతా బాగుంటే:

సుడో పీజీ_డ్రాప్‌క్లస్టర్ 15 మెయిన్
సుడో ఆప్ట్ పర్జ్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-15 పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-క్లయింట్-15

ఈసారి 15 అనే అంకె సరైనదే. పర్జ్ సమయంలో డేటా డైరెక్టరీలను కూడా తుడిచేయమంటారా అని అడగవచ్చు. ఆ ప్రశ్నలో ఏ వెర్షన్ పేరు ఉందో చదివి జవాబివ్వండి. చివరగా పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్ కొడితే ఒక్క వరుసే మిగలాలి: 17, మెయిన్, 5432, ఆన్‌లైన్.